83 శాతం హ్యాష్‌రేటు సరేనన్నా సెగ్విట్2ఎక్స్ ఎందుకు ఆగిపోయింది? బ్లాక్ సైజు మీద ఆఖరి మాట ఎవరిది?

బెజవాడ_బిట్స్:

బిట్‌కాయిన్‌లో 2015 నుంచి 2017 దాకా నడిచిన బ్లాక్ సైజు గొడవ గురించి చదువుతున్నా. తేదీలు దొరుకుతున్నాయి గానీ కారణాలు ఒకదానితో ఒకటి అతకడం లేదు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

నాకు అర్థమైనంతవరకు కథ ఇదీ. 2010లో బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీ ఒక్కో బ్లాకుకు (లావాదేవీల కట్టకు) 1 ఎంబీ హద్దు పెట్టాడు. అదే ఏడాది అక్టోబరులో, కావాలంటే ఫలానా బ్లాకు నంబరు దాటాక పెద్ద హద్దు అమలయ్యేలా రాసుకోవచ్చని తనే ఉదాహరణ కోడ్ కూడా చూపించాడు. 2017 మే 23న న్యూయార్క్ ఒప్పందం కుదిరింది. 22 దేశాల నుంచి 58 కంపెనీలు, అప్పటి హ్యాష్‌రేటులో (బ్లాకులు తయారుచేసే మైనర్ల మొత్తం కంప్యూటింగ్ బలంలో) 83 శాతానికి పైగా దాని మీద సంతకం పెట్టాయి. ముందు సెగ్విట్ (లావాదేవీల సంతకాలను వేరుచేసి లెక్కించే మార్పు), తర్వాత ఆరు నెలల్లో 2 ఎంబీ హార్డ్ ఫోర్క్ (పాత సాఫ్ట్‌వేర్ ఒప్పుకోని మార్పు) అన్నారు; ఈ రెండూ కలిపిన పథకమే సెగ్విట్2ఎక్స్. సెగ్విట్ వచ్చింది. 2 ఎంబీ మాత్రం నవంబరు 8న రద్దయింది.

నా సందేహాలు:

1. డిస్కులు ఇంత చవకైనప్పుడు 1 ఎంబీని 8 చేయడానికి ఏం అడ్డం? యూపీఐ రోజుకు కోట్ల లావాదేవీలు నడుపుతుంటే ఇక్కడ సెకనుకు ఏడా?

2. హ్యాష్‌రేటే భద్రత అంటారు కదా, 83 శాతం ఒప్పుకున్నాక ఇంకెవరు కాదనగలరు?

3. 2017లో బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ వాళ్లు 8, ఆ తర్వాత 32 ఎంబీకి పెంచారు. వాళ్లకు ఏమీ కాలేదా?

"డీసెంట్రలైజేషన్ కోసం" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. లెక్కలు కావాలి.

మెంపూల్_మామ:

మొదటిది నేను తీసుకుంటా.

ముందు యూపీఐ సంగతి తేల్చేద్దాం. 2024 డిసెంబరులో యూపీఐలో 1,673 కోట్ల లావాదేవీలు జరిగాయి. 31 రోజులకు పంచితే సెకనుకు సుమారు 6,250. ఒక్కో బిట్‌కాయిన్ లావాదేవీ 250 బైట్లనుకుంటే పది నిమిషాల బ్లాకు 940 ఎంబీ దాకా వస్తుంది, రోజుకు 135 జీబీ. 32 ఎంబీ పెట్టినా సెకనుకు 213 దగ్గరే ఆగిపోతాం. అంటే బ్లాకు పెంచి యూపీఐని అందుకోవడం 8 ఎంబీతో కాదు, 32తోనూ కాదు. కొట్లాట అసలు దాని గురించి కాదు. సెకనుకు 7 నుంచి 14కో 50కో పోవడానికి ఎంత మూల్యం చెల్లిస్తాం అన్నదే.

డిస్కు గురించి మీరన్నది నిజమే, అది సమస్య కాదు. నిండు 8 ఎంబీ బ్లాకులు రోజుకు 144 వస్తే 1.15 జీబీ, ఏడాదికి 420 జీబీ. అదీ భారమనుకుంటే కాన్ఫిగ్‌లో ప్రూన్=550 పెట్టుకుంటే పాత బ్లాకులు చెరిగిపోతాయి, నోడు (బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటరు) మాత్రం అన్ని రూల్సూ చూస్తూనే ఉంటుంది.

అసలు నొప్పి బ్లాకు చేరవేతలో ఉంది. మీ బ్లాకు మిగతా మైనర్లకు చేరేలోపు ఇంకొకడికి బ్లాకు తగిలే అవకాశం 1 − ఈ^(−టీ/600), టీ అంటే ఆలస్యం సెకన్లలో. 2 సెకన్లయితే 0.33 శాతం. 15 సెకన్లయితే 2.5 శాతం. చిన్నగా కనిపిస్తుంది గానీ మైనింగ్‌లో మిగిలే లాభమే అంత పలచన. పైగా ఈ నష్టం అందరికీ సమానంగా పడదు. 30 శాతం హ్యాష్ ఉన్న పూల్ (మైనర్లు కలిసి పనిచేసే గుంపు) తన బ్లాకు కోసం తాను ఎదురుచూడక్కర్లేదు, మిగిలిన 70 శాతంతోనే దానికి పోటీ. 1 శాతం ఉన్నవాడు 99 శాతంతో పోటీ పడాలి. బ్లాకు పెద్దదయ్యేకొద్దీ చిన్నవాడు పెద్ద పూల్లో చేరడమే లాభం అవుతుంది.

ఆలస్యం పెరిగితే మైనర్లు ఏం చేస్తారో 2015 జులై 4న చూశాం. బిప్ 66 (బిప్ అంటే బిట్‌కాయిన్ మార్పుల ప్రతిపాదన) అమల్లోకి వచ్చిన వెంటనే ఒక మైనరు చెల్లని బ్లాకు తీశాడు. పెద్ద పూళ్లు లోపలి లావాదేవీలు సరిచూడకుండా బ్లాకు తల భాగమైన హెడరు మీదే మైనింగ్ మొదలుపెట్టేశాయి. ఆరు బ్లాకుల చెల్లని చైన్ తయారైంది. ఫోన్ వాలెట్ల లాంటి తేలికపాటి క్లయింట్లు దాన్ని నిజమనే నమ్మాయి. 1 ఎంబీ హద్దు ఉన్న రోజుల్లోనే ఇది.

తర్వాతది సరిచూసే పని. పాత పద్ధతిలో ప్రతి ఇన్‌పుట్ (ఖర్చు చేసే పాత నాణెం) సంతకానికీ లావాదేవీ మొత్తాన్ని మళ్లీ హ్యాష్ చేయాలి, అంటే వేలిముద్ర లాంటి సంఖ్య లెక్కించాలి. ఇన్‌పుట్లు రెట్టింపయితే పని నాలుగింతలు. 2015 జులైలోనే ఎఫ్2పూల్ అనే పూల్ చిల్లర అవుట్‌పుట్లన్నీ (ఖర్చు కాని చిన్న మొత్తాలు) ఊడ్చడానికి బ్లాకు 364,292లో ఒకే ఒక్క భారీ లావాదేవీ పెట్టింది: 5,569 ఇన్‌పుట్లు, దాదాపు 1 ఎంబీ. దానికి హ్యాష్ చేయాల్సిన డేటా సుమారు 1.2 జీబీ, సరిచూడ్డానికి 25 సెకన్ల దాకా పట్టింది. అదే పోకడ 2 ఎంబీలో పెడితే 5 జీబీ. 8 ఎంబీ ఎవరైనా కావాలని అలా నింపితే నోడ్లు నిమిషాల తరబడి కదలవు. అందుకే బిట్‌కాయిన్ క్లాసిక్ అనే పోటీ సాఫ్ట్‌వేర్ 2 ఎంబీ ప్రతిపాదన, అంటే బిప్ 109, తనలోనే 1.3 జీబీ హ్యాషింగ్ హద్దు పెట్టుకుంది. సెగ్విట్ వేరే దారిలో వెళ్లింది. దాని సంతకాల పద్ధతిలో ఈ పని ఇన్‌పుట్లతో సమానంగానే పెరుగుతుంది, వర్గంగా పెరగదు.

ఆ తర్వాత పరిస్థితి బాగానే మెరుగైంది, అది ఒప్పుకోవాలి. 2016 ఫిబ్రవరిలో బిట్‌కాయిన్ కోర్ (ప్రధాన సాఫ్ట్‌వేర్) 0.12 వెర్షన్‌తో వచ్చిన సెక్‌పీ లైబ్రరీ సంతకాలు చూసే వేగాన్ని అయిదారు రెట్లు పెంచింది. 0.13లో కాంపాక్ట్ బ్లాకులు వచ్చాయి: మీ మెంపూల్‌లో (బ్లాకులోకి ఎక్కక ముందు నిలిచే వరసలో) ఉన్న లావాదేవీలను మళ్లీ పంపకుండా ఒక్కోదానికి 6 బైట్ల గుర్తు పంపిస్తే చాలు. కాబట్టి 2015లో చేసిన వాదనలన్నీ ఈరోజు అదే బరువుతో నిలబడవు.

ఇంకో మాట, సెగ్విట్ అంటేనే పరిమితి పెంపు. దీన్ని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఎంబీ బదులు బరువు లెక్క వచ్చింది, బ్లాకుకు 40 లక్షల యూనిట్లు. సంతకాల బైటుకు 1, మిగతా బైటుకు 4. ఒక ఇన్‌పుట్, రెండు అవుట్‌పుట్లున్న పాత రకం లావాదేవీ 226 బైట్లు, బరువు 904. బ్లాకుకు 4,400 పడతాయి, సెకనుకు 7. అదే పని సెగ్విట్ అడ్రసుతో చేస్తే బరువు 562 దాకా. బ్లాకుకు 7,100, సెకనుకు 12 దాకా. హార్డ్ ఫోర్క్ లేకుండానే.

నోడ్_కాపలా:

రెండో ప్రశ్నకు వస్తా. ఇది కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

సాఫ్ట్ ఫోర్క్ అంటే రూల్ బిగించడం. పాత నోడు కొత్త బ్లాకును అంగీకరిస్తుంది, కాబట్టి హ్యాష్‌రేటులో మెజారిటీ ఉంటే చైన్ ఒక్కటిగానే ఉంటుంది. హార్డ్ ఫోర్క్ అంటే రూల్ సడలించడం. 2 ఎంబీ బ్లాకు వస్తే పాత నోడు దృష్టిలో అది బ్లాకే కాదు, దాని వెనక ఎంత హ్యాష్ ఉన్నా లెక్కచేయదు. 83 శాతం కాదు, 99 శాతం వెళ్లిపోయినా పాత నోడు తన 1 శాతం చైన్ మీదే కూర్చుంటుంది. ఇదే మీ ప్రశ్నకు సగం జవాబు. మైనర్లు లావాదేవీల వరసను నిర్ణయిస్తారు. బ్లాకు అంటే ఏమిటో నిర్ణయించేది దాన్ని డబ్బుగా తీసుకునేవాడు నడిపే సాఫ్ట్‌వేర్.

"తీసుకునేవాడు" అన్నాను, గమనించండి. క్లౌడ్‌లో వెయ్యి నోడ్లు ఎవడైనా లేపొచ్చు, వాటికి విలువ లేదు. ఎక్స్చేంజీ డిపాజిట్లు చూసే నోడు, వ్యాపారి పేమెంట్ చూసే నోడు, మీ సొంత సొమ్ము చూసే నోడు, ఇవీ లెక్కలోకి వచ్చేవి.

ఇప్పుడు 2017 వరస చూడండి. బిప్ 141 (సెగ్విట్) అమలు బిప్ 9 పద్ధతిలో పెట్టారు: 2,016 బ్లాకుల విడతలో 95 శాతం, అంటే 1,916 బ్లాకులు బిట్ 1 (సిద్ధమనే గుర్తు) చూపిస్తే లాక్-ఇన్ (అమలు ఖాయం), తర్వాతి విడత నుంచి అమలు. 2017 నవంబరు 15 లోపు రాకపోతే రద్దు. ఈ 95 శాతం ఓటు కోసం పెట్టింది కాదు, మైనర్లు సిద్ధంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి. కానీ 5 శాతం పైబడ్డ ఏ పూలైనా ఆపేయగల వీటోగా అది మారింది. నెలల తరబడి సిగ్నల్ సగం కూడా దాటలేదు.

అక్కడ వచ్చింది బిప్ 148. ఆగస్టు 1 నుంచి బిట్ 1 చూపించని బ్లాకును మా నోడ్లు తీసుకోవు అని వాడుకరులే ప్రకటించారు. దీని వెనక హ్యాష్‌రేటు నామమాత్రం. మరి మైనర్లు ఎందుకు భయపడ్డారు? ఇందులో రిస్కు ఒకవైపే ఉంది. 148 చైన్ ఎప్పుడైనా పొడుగైతే, మామూలు నోడ్లకు అదీ చెల్లే చైనే కాబట్టి అటు దూకేస్తాయి. 148 పాటించని ఇవతలి చైన్‌లో అప్పటిదాకా తీసిన బ్లాకులన్నీ గాల్లో కలుస్తాయి, మైనర్ల ఆదాయం సహా. అవతలివాళ్లకు ఆ బెడద లేదు, 148 నోడ్లు ఇవతలి చైన్‌ను ఎన్నటికీ అంగీకరించవు. చిన్న సమూహమైనా కొంత ధర పలికితే చాలు, పెద్ద మైనరు రాత్రి నిద్రపోలేడు.

అందుకే గడువుకు పది రోజుల ముందే బిప్ 91 దారి పట్టారు. విడత 336 బ్లాకులు, 80 శాతం అంటే 269. జులై 21న లాక్-ఇన్, 23న బ్లాకు 477,120 నుంచి అమలు. ఆపైన బిట్ 1 లేని బ్లాకును మైనర్లే తోసిపుచ్చారు, దాంతో 95 శాతం దానంతటదే వచ్చింది. ఆగస్టు 24న బ్లాకు 481,824 దగ్గర సెగ్విట్ అమల్లోకి వచ్చింది.

ఇక 2ఎక్స్. సెగ్విట్ అమలైన 12,960 బ్లాకులకు, అంటే 90 రోజుల లెక్కకు, బ్లాకు 494,784 దగ్గర హార్డ్ ఫోర్క్ అన్నారు. 83 శాతం నిజంగా అటు వెళ్లి ఉంటే ఏం జరిగేదో లెక్కేద్దాం. పాత చైన్‌కు 17 శాతం మిగులుతుంది, బ్లాకుకు 59 నిమిషాలు. ఆ నంబరు డిఫికల్టీ (బ్లాకు తీయడం ఎంత కష్టమన్న లెక్క, 2,016 బ్లాకులకోసారి సవరిస్తారు) విడత మధ్యలో పడుతుంది, తర్వాతి సవరణ 495,936 దగ్గర. మిగిలిన 1,152 బ్లాకులకు 47 రోజులు. అప్పుడు డిఫికల్టీ దాదాపు నాలుగో వంతుకు పడి బ్లాకు 15 నిమిషాలకు వచ్చేది. 47 రోజులు పాత చైన్ నత్తనడక నడిస్తే జనం వదిలేస్తారన్నది ఒప్పందం వెనకున్న ధీమా.

ఆ ధీమా ఎక్కడ తప్పిందంటే, ఫోర్క్ క్షణంలో రెండు చైన్లకూ డిఫికల్టీ ఒకటే. బ్లాకు బహుమతి రెండు చోట్లా 12.5 నాణేలే. అంటే ఒక టెరాహ్యాష్ మైనింగ్ బలం ఎటు తిప్పినా వచ్చే నాణేల సంఖ్య సమానం, తేడా వాటి ధరలోనే. 2ఎక్స్ నాణెం అయిదో వంతు పలికితే అటు వెళ్లిన మైనరు కరెంటు బిల్లు పూర్తిగా కట్టి అయిదో వంతు ఆదాయం తీసుకుంటాడు. మే నెలలో పెట్టిన సంతకానికీ బ్లాకులోని కాయిన్‌బేస్ (మైనరు బహుమతి లావాదేవీ)లో రాసిన ఎన్‌వైఏ (న్యూయార్క్ ఒప్పందం) అన్న అక్షరాలకూ ఖర్చు లేదు. నవంబరులో మాత్రం రోజూ నష్టం. అక్టోబరులో బిట్‌ఫినెక్స్ రెండు చైన్లకూ వేర్వేరు టోకెన్లు పెట్టి ముందస్తు ట్రేడింగ్ మొదలుపెట్టింది. పాత చైన్ టోకెన్‌తో పోలిస్తే 2ఎక్స్ టోకెన్ చాలా చిన్న భాగానికే అమ్ముడైంది. ఒప్పందం ఫలితం ఏమవుతుందో అక్కడే బయటపడింది. నవంబరు 8 ఈమెయిల్‌లో ఒప్పందం వెనకున్న మైక్ బెల్షీ, జిహాన్ వూ, జెఫ్ గార్జిక్ తదితరులు ఏకాభిప్రాయం తగినంత రాలేదని, ఆపేస్తున్నామని రాశారు.

యూపీఐతో పోల్చారు కాబట్టి: అక్కడ యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ సర్క్యులర్ తీస్తే బ్యాంకులన్నీ పాటించాలి. ఇక్కడ సర్క్యులర్ తీసే చోటే లేదు. 58 కంపెనీలు ఒక గదిలో కూర్చుని ఆ చోటు తామే అనుకున్నాయి.

పెద్ద_బ్లాకు_పక్షం:

కాపలా గారు లెక్కలు సరిగ్గానే వేశారు గానీ, గెలిచినవాళ్లు చెప్పే కథ మాత్రమే చెప్పారు. రెండో వైపు కూడా ఉండాలి.

2 ఎంబీ వల్ల నెట్‌వర్క్ కూలేదని ఎవరూ చూపించలేదు. మామ గారు చెప్పినట్టు కాంపాక్ట్ బ్లాకులు 2016లోనే వచ్చేశాయి. సెగ్విట్ తర్వాత నిజంగా 2 ఎంబీ దాటిన బ్లాకులు వచ్చాయి, 2023 ఫిబ్రవరిలో దాదాపు 4 ఎంబీ బ్లాకు కూడా పడింది. నోడ్లేమీ కుప్పకూలలేదు. మరి అప్పటి భయం ఎంత నిజం? ఈలోపు 2017 డిసెంబరులో సగటు ఫీజు 50 డాలర్లు దాటింది. చిన్న పేమెంట్లు చేసేవాళ్లు వెళ్లిపోయారు, తిరిగి రాలేదు.

"నోడ్లే నిర్ణయిస్తాయి" అన్నదీ సగం నిజమే. 2013 మార్చి సంగతి చూడండి. 0.8 వెర్షన్ తీసుకున్న బ్లాకు 225,430ని 0.7 తీసుకోలేకపోయింది. పాత బర్కిలీ డేటాబేసులో తాళాల పరిమితి అయిపోయింది, అంతే, రూల్ అని ఎక్కడా రాసి లేదు. హ్యాష్‌రేటులో 60 శాతం దాకా 0.8 చైన్ మీదే ఉంది. అయినా డెవలపర్లు, పెద్ద పూళ్ల నిర్వాహకులు చాట్‌లో మాట్లాడుకుని 0.7కి వెనక్కి మళ్లారు, పొడుగు చైన్‌ను వదిలేశారు. మంచి నిర్ణయమే. కానీ ఆ రోజు నిర్ణయించింది మీ ఇంట్లో నోడు కాదు, చాట్‌రూములో పదిమంది.

ఇంకోటి, 2015 ఆగస్టులో డెవలపర్లు గావిన్ ఆండ్రెసన్, మైక్ హెర్న్ బిట్‌కాయిన్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద బ్లాకులు తెచ్చారు. బిప్ 101 ప్రకారం 2016 జనవరిలో 8 ఎంబీ, రెండేళ్లకోసారి రెట్టింపు, 2036కి 8 జీబీ దాకా. గత 1,000 బ్లాకుల్లో 750 ఒప్పుకుంటేనే అమలు. అంత దూరం పెంచుకుంటూ పోవడం అతి అని నేనూ అంటాను. అయితే దాని మీద చర్చనే రెడిట్‌లోని పెద్ద బిట్‌కాయిన్ విభాగంలో నిషేధించారు. ఎక్స్‌టీ ఊసెత్తితే పోస్టు తీసేశారు. ఏకాభిప్రాయం రాలేదనే ముందు మాట్లాడనిచ్చారా అన్నది కూడా చూడాలి కదా. 2016 ఫిబ్రవరి హాంకాంగ్ సమావేశంలో కొందరు కోర్ డెవలపర్లు సెగ్విట్‌తో పాటు హార్డ్ ఫోర్క్ కోడ్ కూడా తయారుచేస్తామని మైనర్లకు రాసిచ్చారు. సెగ్విట్‌ను మైనర్లు ఆపడానికి సాంకేతిక కారణాల కన్నా ఆ మాట నిలబడలేదన్న కోపమే ఎక్కువ.

మూడో ప్రశ్నకు నేనే జవాబిస్తా, మా వైపు తప్పులు దాచకుండా. బిట్‌కాయిన్ క్యాష్ 2017 ఆగస్టు 1న బ్లాకు 478,558 తర్వాత విడిపోయింది. రెండు పనులు శ్రద్ధగా చేసింది. సంతకాల్లో వేరే గుర్తు పెట్టి రీప్లే (ఒక చైన్ లావాదేవీ రెండో చైన్‌లోనూ చెల్లడం) లేకుండా చూసింది. మొదటి బ్లాకు 1 ఎంబీ కన్నా పెద్దదై తీరాలని రూల్ పెట్టుకుంది, అందువల్ల పాత చైన్ వచ్చి దీన్ని తుడిచేసే అవకాశమే పోయింది. ఆ మొదటి బ్లాకు సుమారు 1.9 ఎంబీ.

దెబ్బతిన్నది డిఫికల్టీలో. హ్యాష్‌రేటు తక్కువని తెలుసు కాబట్టి అత్యవసర సవరణ పెట్టారు: ఆరు బ్లాకులకు 12 గంటలు దాటితే డిఫికల్టీ 20 శాతం తగ్గుతుంది. తగ్గడానికి దారుంది గానీ వెంటనే పెరగడానికి లేదు, పెరగాలంటే 2,016 బ్లాకులు పూర్తి కావాలి. మైనర్లు దీన్ని పట్టేశారు. అందరూ ఒకేసారి వెళ్లిపోతారు, గంటల తరబడి బ్లాకు రాదు, డిఫికల్టీ వరసగా పడుతుంది, అప్పుడు మూకుమ్మడిగా వచ్చి గంటకు పదుల బ్లాకులు దండుకుని, సవరణ రాగానే మళ్లీ మాయం. నాణేలు షెడ్యూలు కన్నా ముందే బయటికొచ్చేశాయి. అందుకే 2020లో క్యాష్ హావింగ్ (బ్లాకు బహుమతి సగమయ్యే రోజు) ఏప్రిల్ 8నే పడింది, బిట్‌కాయిన్‌ది మే 11న. 2017 నవంబరు 13న ప్రతి బ్లాకుకూ సవరించే పద్ధతి తెచ్చాక గానీ కుదుటపడలేదు.

ఇక బ్లాకు సైజు పెంచినవాళ్లకు పాలన సమస్య తీరిపోయిందా అంటే, లేదు. 2018 మేలో 32 ఎంబీ అయింది, నవంబరు 15న బిట్‌కాయిన్ ఎస్‌వీ అనే మరో నాణెం విడిపోయింది. 2020 నవంబరు 15న, బ్లాకు బహుమతిలో 8 శాతం డెవలపర్ల నిధికి మళ్లించాలన్న రూల్ మీద మళ్లీ చీలిక. 2024 మేలో హద్దు వాడకాన్ని బట్టి తనంతట తానే కదిలే పద్ధతి వచ్చింది, నా దృష్టిలో ఇదే మొదటి రోజే చేయాల్సిన పని. చాలా రోజుల్లో బ్లాకులు 1 ఎంబీ కూడా నిండవు. చోటు చేసిపెడితే జనం వాళ్లంతట వాళ్లే వస్తారన్న అంచనా ఫలించలేదు.

బెజవాడ_బిట్స్:

ముగ్గురికీ థ్యాంక్స్, ఇప్పుడు అతుకుతోంది. రెండు చిన్న ప్రశ్నలు. క్యాష్‌కు రీప్లే రక్షణ ఉంది, 2ఎక్స్‌కు లేదని చదివాను. లేకపోతే మామూలు వాడుకరికి ఏమయ్యేది? రెండోది, లైట్నింగ్ (ప్రతిదీ బ్లాకుల్లో రాయకుండా ఇద్దరి మధ్య చానెల్‌లో చెల్లించే ఏర్పాటు) ఉంది కాబట్టి బ్లాకు పెంచక్కర్లేదు అన్న వాదన లెక్కల్లో నిలబడుతుందా?

మెంపూల్_మామ:

రీప్లే: ఫోర్క్ ముందు మీ దగ్గర 1 నాణెం ఉన్న అవుట్‌పుట్ ఒకటి ఉందనుకోండి. ఫోర్క్ తర్వాత అది రెండు చైన్లలోనూ ఉంటుంది, తాళంచెవి ఒకటే. మీరు పాత చైన్ నాణేన్ని ఒక ఎక్స్చేంజీకి పంపారు. ఆ లావాదేవీలో ఇది ఫలానా చైన్‌ది అని చెప్పే ముక్క ఏదీ లేదు. ఎవడైనా ఆ బైట్లనే తీసుకెళ్లి 2ఎక్స్ నెట్‌వర్క్‌లో వేస్తే అక్కడా చెల్లుతుంది. మీ 2ఎక్స్ నాణెం కూడా ఎక్స్చేంజీ అడ్రసుకే వెళ్లిపోతుంది. వాళ్లు తిరిగిస్తారా లేదా అన్నది వాళ్ల దయ. ఎక్స్చేంజీకైతే ఇంకా ప్రమాదం: విత్‌డ్రా అడిగిన ప్రతివాడికీ ఒకటి ఇచ్చి రెండు పోగొట్టుకుంటుంది.

దీన్ని చేత్తో విడదీయాలంటే లాక్‌టైమ్ (ఫలానా బ్లాకు దాటేదాకా లావాదేవీ చెల్లకుండా ఆపే అంకె) వాడాలి. రెండు చైన్ల ఎత్తులు (బ్లాకుల సంఖ్యలు) వేరుపడేదాకా ఆగండి. ముందున్న చైన్ దాటిన, వెనకున్న చైన్ ఇంకా చేరని బ్లాకు నంబరును లాక్‌టైమ్‌గా పెట్టి, ఇన్‌పుట్‌లోని సీక్వెన్స్ అనే అంకెను గరిష్ఠ విలువ కన్నా తక్కువ ఉంచి, మీ సొంత అడ్రసు-1కి పంపండి. ముందున్న చైన్‌లోనే అది ఎక్కుతుంది. ఆరు కన్ఫర్మేషన్లు రాగానే, వెనకున్న చైన్‌లో అదే అవుట్‌పుట్‌ను లాక్‌టైమ్ లేకుండా మీదే అయిన అడ్రసు-2కి పంపండి. తప్పు జరిగేది ఇక్కడే: రెండోది ఆలస్యమై వెనకున్న చైన్ కూడా ఆ నంబరు దాటేస్తే మొదటి లావాదేవీ అక్కడా ఎక్కేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. అందుకే రెండోదానికి ఫీజు ధారాళంగా పెట్టాలి, ఎత్తుల తేడా కనీసం పదుల బ్లాకుల్లో ఉండాలి. ఇది లక్షలమందితో చేయించగలరా? 2ఎక్స్ మీద వ్యతిరేకత పెరగడానికి ఇది చిన్న కారణమేమీ కాదు.

లైట్నింగ్: చానెల్ తెరవడానికి ఒక సెగ్విట్ ఇన్‌పుట్ 68, చానెల్ అవుట్‌పుట్ 43, చిల్లర 31, పైన 10.5, మొత్తం 153 వర్చువల్ బైట్ల (బరువులో నాలుగో వంతు) దాకా. బ్లాకు మొత్తం దానికే ఇచ్చేసినా 6,500 చానెళ్లు, రోజుకు 9.4 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 8.46 కోట్లు. మనిషికి ఒక్క చానెల్ తెరవడానికే 90 రోజులు, ఆ మూడు నెలలూ ప్రపంచంలో ఇంకెవ్వరూ ఏ లావాదేవీ చేయకుండా ఉంటే. మూసే లావాదేవీ వేరే. కాబట్టి "లైట్నింగ్ ఉంది, చాలు" అన్నది కూడా నినాదమే. ఒకే చానెల్‌ను చాలామంది పంచుకునే ఏర్పాట్లు రావాలి, లేదా జనం కస్టోడియల్ వాలెట్లతో (మన నాణేలు కంపెనీ చేతిలో ఉండేవి) సరిపెట్టుకోవాలి. ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది రెండోదే.

తెరిచాక కూడా చిక్కులున్నాయి. కొత్త చానెల్‌లో సొమ్మంతా మీ వైపే ఉంటుంది, అవతలి వైపు నిల్వ లేకపోతే మీకెవరూ పంపలేరు. అవతలివాడు పాత లెక్క బయటపెట్టి మోసం చేయబోతే గడువులోపు మీ నోడు చూసి శిక్ష లావాదేవీ వేయాలి, ఆ సమయంలో మెంపూల్ నిండి ఉంటే ఫీజు పెంచే దారి ఉండాలి. యాంకర్ అవుట్‌పుట్లు పెట్టింది అందుకే. బ్లాకులో చోటు దొరక్కపోతే లైట్నింగ్ భద్రతే పలచబడుతుంది. ఈ మాట చెప్పగానే నన్ను పెద్ద బ్లాకుల పార్టీ అనేస్తారు, అననివ్వండి.

నోడ్_కాపలా:

పక్షం గారికి: 2013 ఉదాహరణ మంచిదే, ఒప్పుకుంటా. కానీ ఆ రోజు వాళ్లు చాట్‌రూములో తిరిగి వెళ్లింది ఎటు? అప్పటికే వ్యాపారులు, ఎక్స్చేంజీలు ఎక్కువగా నడుపుతున్న 0.7 వైపు. పదిమంది నిర్ణయించారు సరే, వాళ్లు ఎటు మొగ్గాలన్నది జనం నడిపే సాఫ్ట్‌వేరే చెప్పింది.

4 ఎంబీ బ్లాకు గురించి ఒక చిన్న సవరణ. అది సంతకాల చోటు, అంటే విట్‌నెస్, నింపడం వల్ల వచ్చింది. విట్‌నెస్ బైట్లు యూటీఎక్స్ఓ (ఇంకా ఖర్చు కాని నాణేల) పట్టికలోకి చేరవు. అదే 4 ఎంబీ చిన్న చిన్న అవుట్‌పుట్లతో నిండితే ప్రతి నోడూ వాటిని ఖర్చయ్యేదాకా మోయాలి, ప్రూన్ చేసినా పోవు. సైజు ఒకటే, భారం వేరు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి, 2017 పాఠం ఎలా వాడారో అక్కడ కనిపిస్తుంది. ట్యాప్‌రూట్ అనే తర్వాతి సాఫ్ట్ ఫోర్క్‌కు 95 శాతం వదిలేసి 90 పెట్టారు, 2,016 బ్లాకుల్లో 1,815. గడువు కూడా మూడు నెలలే. వస్తే త్వరగా వస్తుంది, రాకపోతే త్వరగా తేలిపోతుంది. గడువు ముగిస్తే బలవంతంగా అమలు చేయాలా వద్దా అన్నదాని మీద నెలలు కొట్టుకున్నారు, అమలు చేయాలన్నవాళ్లు వేరే క్లయింటు కూడా తీశారు. అవసరం పడలేదు. 2021 జూన్‌లో లాక్-ఇన్, నవంబరు 14న బ్లాకు 709,632 దగ్గర అమలు.

2025లో రేగిన ఓపీ_రిటర్న్ (లావాదేవీలో డేటా రాసుకునే చోటు) గొడవను బ్లాక్ సైజు గొడవకు రెండో భాగం అంటున్నారు, నేను ఒప్పుకోను. అప్పటిది కన్సెన్సస్ రూల్ (ఏ బ్లాకు చెల్లుతుందన్నది), ఇది రిలే పాలసీ (నోడు ఏ లావాదేవీని ముందుకు పంపుతుందన్నది). 2025 అక్టోబరులో వచ్చిన కోర్ 30లో ఆ డేటా హద్దు, అంటే డేటాక్యారియర్‌సైజ్ డిఫాల్ట్, 83 బైట్ల నుంచి లక్షకు పెంచారు. కోర్‌కు పోటీ సాఫ్ట్‌వేర్ అయిన నాట్స్ నడిపేవాళ్లు చిన్న హద్దే ఉంచుకున్నారు. అయినా రెండు రకాల నోడ్లూ ఒకే చైన్ మీద నడిచాయి. మీరే పరీక్షించుకోవచ్చు: కాన్ఫిగ్‌లో హద్దు 83 పెట్టి, అంతకన్నా పెద్ద ఓపీ_రిటర్న్ ఉన్న లావాదేవీని టెస్ట్‌మెంపూల్‌యాక్సెప్ట్ కమాండుకు ఇస్తే కాదంటుంది. అదే లావాదేవీ ఏదైనా బ్లాకులో వస్తే మీ నోడు మారుమాట లేకుండా తీసుకుంటుంది. ఏ సాఫ్ట్ ఫోర్క్ ఏ దశలో ఉందో గెట్‌డిప్లాయ్‌మెంట్‌ఇన్ఫో కమాండు చూపిస్తుంది. ఫలానా బ్లాకు అసలు సైజు, బరువు, ఫీజులు కావాలంటే గెట్‌బ్లాక్‌స్టాట్స్ కమాండుకు నంబరు ఇవ్వండి, 481824తో మొదలుపెట్టండి.

మెంపూల్_మామ:

దానికి ఒక్కటి కలుపుతా. హద్దు చిన్నగా పెడితే ఉచితమేమీ కాదు. మీ మెంపూల్‌లో లేని లావాదేవీ బ్లాకులో వస్తే కాంపాక్ట్ బ్లాకు ఒక్క విడతలో పూర్తవదు, మీ నోడు లేనివాటి జాబితా పంపి తెప్పించుకోవాలి. చాలామంది ఇలా వడపోస్తే బ్లాకు వ్యాప్తి నెమ్మదిస్తుంది, పైన రాసిన టీ పెరుగుతుంది. వడపోసినవి అడ్డదారిన నేరుగా పూళ్లకే చేరతాయి, అలా తీసుకునే ఏర్పాటు పెద్ద పూళ్లకే ఉంటుంది, ఆ ఫీజులూ వాళ్లకే పోతాయి. డీబగ్ లాగ్‌లో సీఎంపీసీటీబ్లాక్ కేటగిరీ ఆన్ చేసి ఒక రోజు ఉంచితే ఏ బ్లాకుకు ఎన్ని లావాదేవీలు విడిగా తెప్పించుకోవాల్సి వచ్చిందో వరసగా కనిపిస్తుంది.